మిల్లు దగ్గర బస్సు ఆగదా?

డ్యూసెల్‌డార్ఫ్, జర్మనీ, ఏప్రిల్ 14

చి. సృజన్‌కి,

ఆశీస్సులు చివర్లో రాస్తాను, ముందు విషయం. మన తెలుగు సంఘం ఇంగ్లండ్ యాత్రకి కార్యదర్శివి నువ్వు. నీ కాగితంలో మాంచెస్టర్ దగ్గరి పాత నేతమిల్లుకి ఇరవై నిమిషాలు, గుడికీ షాపింగ్‌కీ పూటంతా. ఆ మిల్లుకి నాలుగు అంతస్తులు. ఇరవై నిమిషాల్లో రెండో అంతస్తు మెట్లు కూడా దాటలేను.

అక్కడి ఆవిరి ఇంజిన్ బొమ్మ గీసి ఇక్కడి క్రేఫెల్డ్ నేత కాలేజీలో పరీక్ష పాసయ్యాను. అది తిరుగుతుండగా ఎన్నడూ చూడలేదు. మనం వెళ్ళే ఆదివారం దాన్ని తిప్పి, బాయిలర్ మరమ్మతుకి ఆపేస్తారట. మళ్ళీ ఎప్పుడో వాళ్ళకే తెలీదు. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు.

ఆశీస్సులు.
ఇందుమతి

తా.క. వాట్సాప్‌లో దండం బొమ్మ పంపకు. జవాబు రాయి.

ఏప్రిల్ 20

పూజ్యులు ఇందుమతి అమ్మమ్మగారికి,

నమస్కారం. చేత్తో తెలుగు రాసి పదేళ్ళయింది, తప్పులుంటే సారీ. మీ మెట్ల ప్రాబ్లం అర్థమైంది. మీరు అసలు ఎక్కనక్కర్లేదు! వీల్‌చెయిర్ బుక్ చేశాం. అందరూ మిల్లు చూసొచ్చేదాకా బస్సులో హాయిగా కూర్చోండి. హీటింగ్ పెట్టిస్తాను.

మీ మనవడిలాంటి,
సృజన్

తా.క. మీకు ఉప్పు లేని పులిహోర చెప్పాం.

ఏప్రిల్ 24

సృజన్ గారికి,

'గారు' ఎందుకొచ్చిందో మీకే తెలియాలి. మెట్లు ఎక్కలేనన్నానా? టైము చాలదన్నాను. బస్సులో కూర్చోవడానికి ఇంగ్లండ్ దాకా ఎందుకు? మా ఇంటి ముందే బస్సు ఆగుతుంది.

ఆ ఇంజిన్ చక్రం నుంచి ప్రతి అంతస్తుకీ మోకులు వెళతాయి. ఆ మోకుల కోసమే భవనాన్ని అలా కట్టారు. మన నేతగాళ్ళ కూడు లాక్కున్న యంత్రం అది. దాని ఎదురుగా నిలబడి నాలుగు మాటలు అనాలి నేను.

ఇందుమతి

తా.క. ఉప్పు వేయించండి.

ఏప్రిల్ 30

పూజ్యులు అమ్మమ్మగారికి,

మీ కోపం చూసి కమిటీ అర్జెంట్ మీటింగ్ పెట్టాం. గొడవంతా మిల్లు వల్లే కాబట్టి మిల్లే తీసేశాం! దానిమీద ఎవరికీ ఇంట్రెస్ట్ లేదు. మా ఆవిడ ప్రవీణ కూడా ఒక్క మాట అనలేదు. ఆ టైములో గుడిలో మీ పేరున శాంతిపూజ. పూజారిగారి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకడమే కష్టమైంది.

విధేయుడు,
సృజన్

తా.క. మీ గోత్రం?

మాంచెస్టర్, మే 18, ఆదివారం

కార్యదర్శి గారికి,

పొద్దున నాకు తలనొప్పి లేదు. మీరు బస్సులో గుడికి బయలుదేరాక టాక్సీలో మిల్లుకి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పని హోటల్లో ఉండిపోయిన విశ్వనాథం గారు మూడో అంతస్తు నుంచి చకచకా దిగుతున్నారు. షాపింగ్‌కని చెప్పిన భానుమతి ఇంటిల్లిపాదీ అక్కడే. పిల్లలతో మీ ప్రవీణ కూడా. మన బస్సు బస్సంతా అక్కడే ఉంది, మీరూ డ్రైవరూ తప్ప.

"నోరెందుకు విప్పలేదే?" అన్నాను ప్రవీణతో.

"ఆయన అడిగితే కదా అమ్మమ్మగారూ! 'అందరికీ ఓకేనా' అని ఆయనే అంటాడు, 'ఓకే' అని కూడా ఆయనే అంటాడు" అంది.

ఇంజిన్ నడిపే అతను వాల్వు తిప్పడానికి ఎవరొస్తారన్నాడు. నేను వెళ్ళాను. చక్రం కదిలింది. మోకులు కదిలాయి. నాలుగు అంతస్తుల అదురూ నా అరికాళ్ళలోకి వచ్చింది. తిట్టాలని దాచుకున్న మాటలన్నీ మరిచిపోయి, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. దొంగముండది, అంత అందంగా ఉంటుందని ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ కోపం కూడా మీ మీదే.

ఇందుమతి

తా.క. వచ్చే ఏడాది యాత్ర ప్రవీణ చూసుకుంటుంది. అందరికీ ఓకే. మీకు సీటు కావాలంటే ఆమెకి ఉత్తరం రాయండి.