మేస్త్రీ బిడ్డ

బాపూ, నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజే దేవరకొండ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరాను. "మేస్త్రీ అని రాయకు బిడ్డా, చిన్నసూపు సూస్తరు" అనేవాడివి. చేరిక ఫారంలో తండ్రి పని దగ్గర మేస్త్రీ అనే రాశాను. అది చూసి ఒక పెద్ద సార్ నవ్వాడు.

"గోడలు కట్టెటోని బిడ్డ ఇంగ్లీషు చెప్తదా?"

నేను ఆయన వైపే చూసి చెప్పాను.

"మేస్త్రీ పోర్చుగీసుల నుంచి వచ్చిన మాట సార్. వాళ్ల మెస్త్రె, జర్మనుల మైస్టర్, ఇంగ్లీషోళ్ల మాస్టర్, అన్నీ ఒక్క లాటిన్ మాటకు పుట్టినయే. పిల్లలు మిమ్మల్ని మాస్టర్ అంటరు గద, గదే మాట మా బాపుది."

ఆయన ఫారం ఫైల్లో పెట్టాడు. క్లాసులో మొదటి పాఠంగా మేస్త్రీ అనే ఆ మాట పుట్టుకే చెప్పాను. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి నిలబడింది.

"మా నాయిన గూడ మేస్త్రీనే మేడం" అంది, అందరికీ వినపడేలా.