ఇవ్వని గోళీ

జోల్వా,
ఫిబ్రవరి 9.

అక్కా,

ఈ ఉత్తరం సిరిసిల్ల బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్లో ఇవన్నీ చెప్పలేను. మాది ఒకే గది. తలుపు దగ్గర నిలబడి ఎంత మెల్లగా మాట్లాడినా మంచం మీద నుంచి ఆయన చెవులు ఇటే ఉంటాయి. వణుకు జబ్బు మీ మరిది చేతులకు వచ్చింది, కాళ్లకు వచ్చింది, గొంతుకూ వచ్చింది. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి.

నవంబర్‌లో వికలాంగుల సర్టిఫికెట్ కోసం ఆయన్ను జోల్వా నుంచి సూరత్‌ సర్కారు దవాఖానకు తీసుకుపోయానని నీకు చెప్పాను. ఏమైందంటే ఇంకా రాలేదన్నాను. అబద్ధం. వచ్చింది. ఇరవై ఐదు శాతం అని రాశారు. అంత తక్కువకు ఏదీ రాదు, బస్ పాసు కూడా రాదు. సిగ్గుపడి నీకు చెప్పలేదు. ఇందులో నేను సిగ్గుపడాల్సింది ఏముందని అడుగుతావు. విను.

ఆ రోజు ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. పొద్దున ఎనిమిది గంటల గోళీ వేసుకున్నాడు. ఆ గోళీ కడుపులో పడ్డ ముప్పావు గంటకు ఆయన పాత మనిషి అవుతాడక్కా. మరమగ్గాల మిల్లులో ఇరవై నాలుగు సాంచాలను ఒక్కడే చూసుకుని, తెగిన పోగును కళ్లు మూసుకుని ముడేసిన మనిషి. అది రెండు గంటల ముచ్చటే. ఆ తర్వాత మెల్లగా కాళ్లు నేలకు అతుక్కుంటాయి, ముఖం చెక్కబొమ్మలా బిగుసుకుపోతుంది. సరిగ్గా ఆ మంచి గంటలోనే మా నంబర్ వచ్చింది. డాక్టర్ నడవమంటే నడిచాడు. గుండీ పెట్టుకోమంటే పెట్టుకున్నాడు. "బహుత్ అచ్ఛా" అన్నాడు డాక్టర్. ఈయన మురిసిపోయి నవ్వాడు. ఇంటికొచ్చేసరికి గోళీ దిగిపోయింది. గడప దాటించడానికి నాకు పావుగంట పట్టింది. ఆ పావుగంటను చూసిన డాక్టర్ ఎవడూ లేడు.

సాంచాల మాస్టర్‌గా ఉన్న మనిషిని సేటు పోయిన ఏడాదే వద్దన్నాడు. నేను చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించి ఇస్తాను, దాంతోనే ఇల్లు. అందుకే మళ్లీ అర్జీ పెట్టాం. ఎవరో చెబితే సూరత్ ఖటోదరాలో జితేందర్ అనే మన తెలుగువాడి దగ్గరికి పోయాం. జిరాక్స్ దుకాణం పైన చిన్న గది, అర్జీలు నింపిపెడతాడు. నోటినిండా మావా, ఇక్కడివాళ్లు నమిలే పొగాకు వక్క. మాట్లాడినప్పుడల్లా ఎర్రటి తుంపర్లు మా కాగితాల మీద పడ్డాయి. ఆయన్ను పైనుంచి కిందికి చూసి పకపకా నవ్వాడు.

"అన్నా, దొర లెక్క తయారై పోతే ఎవడిస్తడే శాతం? రెండు దినాలు గోళీ బంద్ చెయ్యి. గడ్డం గియ్యకు. మాసిన అంగీ తొడుగు. నోట్ల కెళ్లి చొంగ కారితే కారనియ్యి, తుడువకు. వదినా, నువ్వు గూడ తుడువద్దు."

మీ మరిది మెల్లగా అన్నాడు. "నాకు రోగమున్నది. మల్ల నటించుడేంది?"

"నటించమంటలేనన్నా. గోళీ వేస్కోకుమంటున్న, గంతే. జర గీ వీడియో చూడు. ఈయనకు డెబ్బై ఐదు శాతం పడ్డది."

ఫోన్లో ఒక ముసలాయన. దవాఖాన బల్ల మీద కూర్చుని వణుకుతున్నాడు, ముక్కు కారుతోంది, పక్కన ఎవరో నవ్వుతున్నారు. ఆయన నిజంగా వణుకుతున్నాడో, కావాలని వణుకుతున్నాడో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని ఇంకోసారి చూపించమన్నాను. అక్కా, నేను అడిగాను. ఒక మనిషి వణుకు అసలా నకిలీనా అని, గుడ్డను వెలుగుకు పట్టి చూసినట్టు చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. మీ మరిది లేచాడు. లేవడానికి నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. "ఆకలితోటి సస్త గనీ గీ పని జెయ్య," అని మెట్లు దిగాడు.

అర్జీతో పాటు ఒక ఫారం ఉంది. స్నానం తనే చేస్తాడా? దొడ్డికి పోతే తనే కడుక్కుంటాడా? బట్టల్లో పోసుకుంటాడా, వారానికి ఎన్నిసార్లు? అన్నీ నేనే నింపాను, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషిని నాలుగు పేజీల్లో మురికి కింద రాసిపెట్టాను. ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఇంకెవరికీ చెప్పలేను. ఆయన నోరు తుడిచేటప్పుడు నాకు రోత పుడుతుంది. ఆ వాసన, ఆ జిగట. ముఖం తిప్పుకుని తుడుస్తాను. ప్రేమ లేక కాదు. ప్రేమ ఉంటే రోత పుట్టదని ఎవరన్నారో వాళ్లు ఎవరికీ నోరు తుడిచి ఉండరు.

డాక్టర్ల బోర్డు ముందుకు పోవాల్సిన తేదీ ఇరవై నాలుగు. ఏం చేస్తానో ఇప్పుడే రాయను.

నీ చెల్లెలు,
సంతోషి


జోల్వా,
ఫిబ్రవరి 27.

అక్కా,

చేశాను.

ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటల గోళీ బదులు ఆయనకు గ్యాస్ గోళీ ఇచ్చాను. అదీ తెల్లగా, గుండ్రంగా, అంతే ఉంటుంది. నాలుగింటికీ అదే. ఎనిమిదింటికీ అదే. మర్నాడు పొద్దున కూడా అదే. చేత్తో పట్టుకోలేడు కాబట్టి ఎప్పుడూ నేనే నాలుక మీద పెట్టి నీళ్లు తాగిస్తాను. "గోళీ వేస్కో" అంటే నోరు తెరిచాడు. ప్రతిసారీ తెరిచాడు. పిట్టపిల్ల నోట్లో విషం పెట్టినట్టు పెట్టాను.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా అడిగాడు. దొరకలేదన్నాను. అది బీరువాలోనే ఉంది.

ఆటోలో కూర్చోబెట్టడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. దవాఖానలో బోర్డు గది ముందు వరండా, నూట యాభై మంది ఉంటారు. ఫినాయిల్ వాసన, చెమట వాసన. మా నంబర్ పిలిచారు. గది తలుపు దగ్గర ఆయన కాళ్లు ఆగిపోయాయి. ముందుకు రావు, వెనక్కి పోవు. తల ముందుకు పడిపోయింది, చొంగ చొక్కా మీదికి కారుతోంది. నేను కొంగు ఎత్తి మళ్లీ దించేశాను. తుడవలేదక్కా. జితేందర్ చెప్పింది గుర్తొచ్చి తుడవలేదు. అప్పుడే ఆయన ప్యాంటు తడిసింది. నీళ్లు చెప్పుల్లోకి, అక్కడి నుంచి గడప మీదికి. పక్కన కూర్చున్నావిడ చీర కుచ్చిళ్లు ఎత్తుకుని జరిగింది. అటెండర్ ముక్కు మూసుకుని, "అరే, బాహర్ లే జావో," బయటికి తీసుకుపొమ్మని అరిచాడు. అక్కా, అంత జరుగుతుంటే నా లోపల ఒక గొంతు, 'మంచిదే, డాక్టర్ చూస్తాడు' అంది. ఆ గొంతు నాదే. దాన్ని తలుచుకుంటే అన్నం పోవడం లేదు.

ఈసారి డాక్టరమ్మ. ఆమే లేచి వచ్చింది, ఆయన భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. మోచెయ్యి వంచి చూసింది. తుప్పు పట్టిన తలుపులా ఆగి ఆగి వంగింది. పాత కాగితం చూసింది, ఆయన్ను చూసింది. గోళీ ఎప్పుడు వేశారని హిందీలో అడిగింది.

"ఎనిమిదింటికి," అన్నాను.

"సచ్ బోలో. కిసీ నే సిఖాయా క్యా?"

నిజం చెప్పు, ఎవరైనా నేర్పారా అంటోంది. అప్పుడు ఆయన మాట్లాడాడు. వినబడీ వినబడనట్టు ఉంటుంది ఆయన గొంతు ఇప్పుడు, ఆమె వంగి విన్నది. "మైనే బంద్ కియా, మేడమ్. ఇస్కో నహీ మాలూమ్."

నేనే ఆపాను, ఆమెకు తెలియదు అన్నాడు.

డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నన్ను చూస్తూనే తిట్టింది. ఈ గోళీ ఉన్నట్టుండి ఆపితే జ్వరం పట్టుకుంటుందట, కండరాలు బిగుసుకుపోయి ప్రాణం పోవచ్చట. శాతం రాసే కాగితం కోసం మనిషిని చంపుకుంటారా అంది. అక్కడే మందు వేయించి సాయంత్రం దాకా పడుకోబెట్టింది. ఆ రోజు శాతం రాయలేదు. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచింది. ఒక్క మంచి గంట చూసి రాసినా తప్పే, ఒక్క చెడ్డ రోజు చూసి రాసినా తప్పే, మాకు మొత్తం రోజు కావాలి అంది. నెల రోజులు గంట గంటకు ఆయన ఎలా ఉన్నాడో నోట్‌బుక్‌లో రాసి తెమ్మంది. మొదటి డాక్టర్ ఈ మాట చెప్పి ఉంటే ఏం పోయేది?

నెల రోజులు రాస్తాను. కానీ ఆయన ఆ మాట ఎందుకన్నాడు? గోళీలు మార్చానని తెలుసా? తెలిస్తే ఎందుకు తిట్టడు? మూడు రోజుల నుంచి ఎదురుచూస్తున్నాను. ఒక్కసారి తిడితే బాగుండు. నోరు తెరిచి గోళీ వేసుకుంటున్నాడు, అంతే.

నీ చెల్లెలు,
సంతోషి


జోల్వా,
ఏప్రిల్ 11.

సంతోషీ,

ఒకే గదిలో ఉండి ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. నా మాట సగం నీకు వినబడదు, "ఏంది?" అని మళ్లీ అడుగుతావు. ఈ మాట రెండోసారి చెప్పడం నా వల్ల కాదు. నువ్వు కత్తిరించిన చీరలు ఇచ్చి రావడానికి పోయినప్పుడు, గోళీ పనిచేసే గంటలో, ఐదు రోజులుగా రాస్తున్నాను. వరుస మొదట్లో అక్షరం శనగగింజంత ఉంటే చివరికి నువ్వుగింజంత అయిపోతోంది. ఓపికగా చదువు.

పోయిన వారం సర్టిఫికెట్ వచ్చింది. యాభై ఐదు శాతం. నువ్వు నోట్‌బుక్‌లో ఒక్క గంట కూడా పెంచి రాయలేదని నాకు తెలుసు, నేను చదివాను. బస్ పాసు వస్తుంది. పింఛన్ ఇంకో ఆఫీసు వాళ్లు తేలుస్తారట, రావచ్చు, రాకపోవచ్చు. కాగితం చూసి నువ్వు ఏడ్చావు. సంతోషం కాదని నాకు అర్థమైంది.

ఆ గోళీ చేదుగా ఉంటుంది సంతోషీ. మూడేళ్లుగా రోజుకు నాలుగుసార్లు నా నాలుక మీద కరుగుతున్న చేదు అది. ఆ మధ్యాహ్నం నువ్వు పెట్టింది సుద్దముక్కలా ఉంది. అప్పుడే తెలిసింది. ఉమ్మేసి ఉండొచ్చు. మింగాను. నాలుగింటికీ తెలిసే మింగాను. ఎనిమిదింటికీ, మర్నాడు పొద్దున కూడా.

నేను నిన్ను కాపాడటానికి మింగానని అనుకుంటావేమో. అలా అనుకోకు. జితేందర్ ముందు ఆకలితో చస్తానన్నాను కదా, మెట్లు దిగుతుంటేనే నా మనసులో లెక్క మొదలైంది. ఆ వీడియోలో ముసలాయనకు డెబ్బై ఐదు, నాకెంత? నాకూ ఆ శాతం కావాలి. కానీ ఆ పాడుపని నా చేత్తో చేయకూడదు. మర్యాద నాకు మిగలాలి, అబద్ధం ఇంకెవరైనా ఆడాలి. నువ్వు చేస్తావని నాకు తెలుసు. ఆ పని నీ మీద పడేదాకా గోడవైపు తిరిగి పడుకుని కనిపెట్టుకుని ఉన్నాను. బోర్డు గదిలో డాక్టరమ్మతో నేనే ఆపానన్నది మంచితనం అనుకుని నువ్వు కుమిలిపోతున్నావు. ఆ గదిలో నిజం మాట్లాడింది నేనొక్కణ్నే. ఆపింది నేనే. నీ చేత్తో ఆపించాను.

నీకు నా మీద రోత ఉందని కూడా తెలుసు. నా నోరు తుడిచేటప్పుడు ముఖం తిప్పుకుంటావు. తిప్పుకో. అద్దం ముందు నేనూ తిప్పుకుంటాను. అది నన్ను బాధపెట్టదు. ఆ రోజు గడప దగ్గర కొంగు ఎత్తి దించేశావే, అది ఒక్కటే బాధపెట్టింది. మిగతా వేలసార్లు రోత పడుతూనే తుడిచావు. ఆ ఒక్కసారి నాకు శాతం రావాలని తుడవలేదు. నేను కోరుకున్నట్టే చేశావు. అయినా తుడిస్తే బాగుండునని అప్పుడు అనిపించింది. మనిషి ఎంత నీచంగా ఉంటాడో చూడు.

ఈ నెలన్నరగా నేను మాట్లాడకపోవడం చూసి, నీ తప్పు ఓర్చుకుంటున్నానని నువ్వనుకున్నావు. నా తప్పు దాచుకుంటున్నాను.

మీ అక్క కరుణ వదినకు నువ్వు ఉత్తరాలు రాస్తున్నావని తెలుసు, ఏం రాశావో తెలియదు. నువ్వు చేసిందంతా రాసి ఉంటావు. ఆమెకు చేరింది సగమే. మిగతా సగం ఈ కాగితం మీద ఉంది. సిరిసిల్ల బస్సుకు ఇచ్చి పంపించు.

రఘుపతి