నాన్న ఫొటోలో చేతులు

గుంటూరు,
మంగళవారం

మా బుల్లయ్య మావయ్యకి, నీ శరణ్య రాస్తున్నది.

ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను. నీకా సరిగ్గా వినపడదు, ఇదా గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు. అమ్మ నిన్న కనిగిరి నుంచి వచ్చింది. ఆదివారం నేనూ, నా స్నేహితురాలు షహనాజూ కలిసి పెడుతున్న బొమ్మల ప్రదర్శనకి నేనే రమ్మన్నాను. రాకపోయినా బాగుండేది.

నేను వేసేది ఫొటోరియలిజం అని నీకు చెప్పానుగా. ఫొటో ముందు పెట్టుకుని, కుంచె జాడ కనపడకుండా, ఇది ఫొటోయేనని చూసినవాళ్ళు ఒట్టేసేలా వేయడం. షహనాజ్‌ది పాప్ ఆర్ట్. కారం ప్యాకెట్లు, పత్తి విత్తనాల సంచులు, ఫ్లెక్సీల మీద మొహాలు, ఇలా బజార్లో అందరూ చూసి చూసి విసిగిపోయిన బొమ్మల్నే తెచ్చి, గులాబీరంగూ చిలకాకుపచ్చా పులిమి వరసగా నిలబెడుతుంది. రెండూ అమెరికాలో కొన్నేళ్ళ తేడాతో పేరు తెచ్చుకున్నవే. పాప్ ఆర్ట్ అక్క, మాది చెల్లెలు. రెండింటికీ ఫొటోయే ముడిసరుకు, అయినా పొసగదు. "ఫొటో ఉండగా మళ్ళీ అదే వేయడం దేనికే?" అంటుంది అది. "నీది బొమ్మ కాదే, కిరాణా కొట్టు" అంటాను నేను.

ఈసారి ఇద్దరం ఒకే ఫొటో తీసుకున్నాం. మా ఇంట్లో దండ వేసి ఉండే నాన్న ఫొటో, బొమ్మ కోసం దండతో సహా నా దగ్గరికి తెచ్చుకున్నది. కోటు వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నది. నాన్న పోయేనాటికి నాకు ఏడాది నిండలేదు. నాకు నాన్నంటే ఆ ఫొటోయే. నా బొమ్మ ఆరడుగుల ఎత్తు. ముఖం తొందరగానే అయింది. చేతులే నెలల తరబడి వేశాను మావయ్యా. ఒక్కో నరం, గోళ్ళ మీద తెల్లటి చంద్రవంకలు, కుడి మణికట్టు మీద పుట్టుమచ్చ. వేస్తుంటే ఆ చేతులు నన్ను ఎత్తుకున్నట్టే ఉండేది. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ చేతుల ముందు కూర్చుని ఏడ్చాను కూడా.

అమ్మ ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. "ముఖం అచ్చు మీ నాన్నే" అంది. తర్వాత కిందికి చూసి, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా, "చేతులు ఆయనవి కాదుగా" అంది.

"కాకపోవడమేంటి?" అన్నాను.

"ఎడంచేతి చిటికెనవేలు చొప్ప కోసే మిషన్లో పోయింది కదే మీ నాన్నకి! పెళ్ళినాటికే లేదు. ఇక్కడ చూడు, పది వేళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి. అసలు ఆయనకి కోటెక్కడిదే? పోయాక పెద్దకర్మకి ఫొటో కావాలంటే, పెళ్ళి గుంపు ఫొటోలో ముఖం కత్తిరించి చీరాల స్టూడియోలో ఎవరి ఒంటికో అతికించారు. అప్పుడందరూ అట్టాగే చేయించేవాళ్ళు."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"దండం పెట్టేది ముఖానికే గదంటే! చేతులెవరు చూస్తారు? నువ్వింత చేసి వేశావు గాబట్టి కనపడ్డాయి గానీ."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది మావయ్యా. అది చాలదన్నట్టు అమ్మ పక్కకి తిరిగి షహనాజ్ బొమ్మ చూసింది. అందులో నాన్న ముఖం ఒక్కటే, తొమ్మిది గళ్ళలో తొమ్మిది రంగుల్లో. కోటు లేదు, చేతుల్లేవు. "మా నాన్నని కారం ప్యాకెట్ చేశావా" అని నేను దాంతో పోట్లాడిన బొమ్మ అది. అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "తిరనాళ్ళలో ఇట్టాగే ఉండేవాడే, ఎటు చూసినా తనే!" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

నేను ఫొటోని నమ్మాను. షహనాజ్ నమ్మలేదు, ఆడుకుంది. దాని బొమ్మలో అమ్మకి మొగుడు దొరికాడు. నా బొమ్మలో ఎవడో ఊరూపేరూ లేనివాడు కూర్చున్నాడు. ఒళ్ళు మండిపోతోంది. నాన్న చేతులు కనపడే ఫొటో ఇంకొకటి లేదట. నువ్వు ఆయనతో కలిసి తిరిగినవాడివి. అవి ఎలా ఉండేవో వెంటనే రాయి. ఈ దొంగ చేతుల్ని చెరిపేసి అవి వేస్తాను. లేదంటే నా బొమ్మ ప్రదర్శనలో పెట్టనే పెట్టను.

నీ మేనకోడలు,
శరణ్య

వేటపాలెం,
గురువారం

చిట్టితల్లి శరణ్యకి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఆ చేతులు నావమ్మా.

"ఉత్త ముఖంతో ఏం చెయ్యనయ్యా, ఆయన ఒడ్డూపొడుగూ ఉన్న మనిషినెవరినైనా కూర్చోబెట్టు" అన్నాడు స్టూడియో ఆయన. తెల్లారితే పెద్దకర్మ. ఎవర్ని పిలుచుకు రాను? గోడకి వేలాడుతున్న కోటు తొడుక్కుని నేనే కూర్చున్నా. ఆ గాభరాలో బావ వేలి సంగతి తోచలేదు. అప్పటికింకా జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరలేదు నేను. నువ్వెరిగిన ఈ నల్లటి, తోలూడిన చేతులు జీడినూనె చేసినవి. పోల్చుకోలేకపోయానని బాధపడకు.

అక్కకి ఎందుకు చెప్పలేదంటావా. బతికున్నవాడి ఫొటోకి దండ వేస్తే అరిష్టమంటారు. తెలిస్తే అక్క ఆ క్షణమే ఫొటో దింపేసేది. నాన్న ముఖం ఎరగకుండా పెరిగేదానివి నువ్వు. నాకేమవుతుందిలే అనుకున్నా. ఏటా తద్దినానికి మీ ఇంటికొచ్చి, నా చేతుల మీదికి వేలాడే దండ చూస్తే మాత్రం గుండె ఝల్లుమనేది. కాసేపటికి బావతో కలిసి కూర్చున్నట్టుండేది. అలవాటైపోయింది.

బావ చేతులు మొరటువి. మిరపకాయలు కోసొచ్చి నిన్ను ముట్టుకుంటే మంటకి గుక్కపట్టేదానివి. అందుకని కొబ్బరినూనె రాసుకుని, అరచేతులు తగలకుండా మోచేతుల మీద ఎత్తుకునేవాడు. నాకు గుర్తున్నది ఇంతే. నావి చెరిపేసి అవి వేసుకో, ఏమీ అనుకోను. అక్కకి మాత్రం చెప్పకు తల్లీ.

మీ మావయ్య,
బుల్లయ్య

గుంటూరు,
శనివారం

నా మావయ్యా,

చెప్పకు అన్నావు. నా ముఖం చూసి అమ్మే ఆ ఉత్తరం లాక్కుని చదివింది. చదివి, ఫొటో మీద దండ తెంపేసింది. దానికి పెట్టిన బొట్టు పమిటచెంగుతో తుడిచేసింది. "నా తమ్ముణ్ణి బతికుండగానే గోడకెక్కించానా, వాడికి నా చేత్తోనే దండలేశానా" అని గుండెలు బాదుకుంది. షహనాజే పట్టుకుని కూర్చోబెట్టింది.

నేనేమో బొమ్మ దగ్గరికెళ్ళి ఆ చేతుల్నే మళ్ళీ చూశాను. ఆ పుట్టుమచ్చ నీది. అన్నం ముద్దలు పెడుతుంటే నేను గిల్లి ఆడుకున్న పుట్టుమచ్చ. దాన్ని నెలల తరబడి వేస్తూ, ఎవరిదని ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు. కళ్ళున్నది నాకేనని ఎంత మిడిసిపడ్డాను మావయ్యా! నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

చెరపను. బొమ్మ రేపు ప్రదర్శనలో ఉంటుంది. పేరు మార్చి "నాన్న, మావయ్య" అని రాశాను. అమ్మ షహనాజ్ బొమ్మలోని చిలకాకుపచ్చ ముఖం కావాలని అడిగింది. ఇకమీదట దండ దానికేనట. షహనాజ్ మళ్ళీ వేసిస్తానంది.

అమ్మ ఇప్పుడే రైలుకి బయల్దేరుతోంది. నిన్ను కళ్ళారా చూస్తేగానీ గుండె కుదుటపడదట. ఈ ఉత్తరం ఆమెకే ఇచ్చి పంపుతున్నాను. ముందు చెడామడా తిడుతుంది, ఎదురు చెప్పకు. తర్వాత నీ చేతులు పట్టుకుని ఒక్కో వేలూ తడిమి చూస్తుంది. వెనక్కి లాక్కోకు.

నీ చేతుల్లో పెరిగిన
శరణ్య