బ్రేకు పైపు కొస

12-2-64
మా ఆస్పత్రి వ్యాను మైపాడు దారిలో కాలవలో పడింది. తొక్కితే బ్రేకు పెడలు నేల దాకా పోయిందట. నడిపింది మా ఆయన తిమోతి. రెండు మణికట్లూ విరిగాయి. వెనక కూర్చున్న ముసలమ్మ చచ్చిపోయింది. కంటి ఆపరేషను చేయించుకుని ఇంటికి పోతోంది. పొద్దున కట్టు విప్పింది నేనే. నీ మొగం తెలస్తా ఉండాది నర్సమ్మా అంది.

13-2-64
ముసలమ్మ కొడుకు పోలేరయ్య వచ్చి శవాన్ని తీసుకుపోయాడు. నా వైపు చూడలేదు.

15-2-64
వ్యాను పైకి లాగారు. రెండో డ్రైవరు కామాక్షయ్య ముందు చక్రానికి బ్రేకు నూనె పోయే పైపు విప్పి తెచ్చాడు. మా ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. నట్టు కింద గరాటులా విచ్చుకున్న కొసలో చీలిక, నూనెంతా అందులోంచే కారిపోయింది. పోయిన నెల ఈ కొసను ఇట్లా విప్పి బిగించింది నేనే పుష్పా అన్నాడు. రాగి పైపుల టూలుతో చేశాను, స్టీలు పైపుకు అది చాలదని తెలుసు, ఏమీ కాదులే అనుకున్నా అన్నాడు.
బయటికి పోయి పైపును గుడ్డలో చుట్టిపెట్టాను. తిరిగొచ్చి ఆయనకు అన్నం తినిపించాను.

16-2-64
డాక్టరమ్మకూ పోలీసులకూ ఆయనే చెప్పేశాడు. చేతులు అతుక్కున్నాక స్టేషనుకు రావాలన్నారు.

19-2-64
స్టీలు పైపుకు సరైన టూలు కోసం మద్రాసు వచ్చాను. వ్యాను లేకపోతే నొప్పులు పడే ఆడవాళ్ళు ఎట్లా వస్తారు? నెల్లూరు షెడ్డుల్లో అడిగితే అందరూ ఆ రాగి పైపుల టూలే చూపించారు. ఇక్కడ పనిముట్ల షాపతను రెండు పెట్టెలు తీశాడు. ఒకటి అదే రకం, కొసను ఒక్కసారి విప్పుతుంది, అంతే. రెండోదానిలో చిన్న చిన్న బిళ్ళలున్నాయి, పైపు సైజుకొకటి. బిళ్ళ పెట్టి బిగిస్తే అంచు లోపలికి మడుచుకుంటుంది. బిళ్ళ తీసి మళ్ళీ బిగిస్తే ఆ మడత రెండు పొరలై అణుగుతుంది. స్టీలుకు ఇదే కావాలి. ఎవరికమ్మా అన్నాడు. నాకే అన్నాను. నవ్వాడు. చీలిన పైపు బల్ల మీద పెట్టి, దీనివల్ల ఒకామె చచ్చిపోయింది అన్నాను. తరువాత అతను నవ్వలేదు. కొత్త పైపు తానే ఏరి ఇచ్చాడు.

23-2-64
ఆయన మంచంలోంచి చెబుతాడు, నేను చేస్తాను. మొదటి కొస వంకర. రెండోది చీలింది, కోసిన అంచును ఆకురాయితో నున్నగా రుద్దలేదు. ఆ చీలిక ముక్కను కోసి పక్కన పెట్టాను. మూడోది గుండ్రంగా, అందంగా వచ్చింది. నట్టు ముందే తొడగడం మరిచిపోయాను! విచ్చుకున్న కొస మీదుగా నట్టు ఎక్కదు, మళ్ళీ కోసెయ్యాలి. ఆయన నవ్వబోయి ఏడ్చాడు. కన్నీళ్ళు తుడుచుకుందామంటే చేతులు కట్లలో ఉన్నాయి. నేను తుడిచాను. కోపం పోలేదు. తుడిచాను.

26-2-64
నాలుగో కొస కుదిరింది. పైపు బిగించి, నూనె పోసి, లోపలి గాలి తీశాం. కామాక్షయ్య పెడలు తొక్కి పట్టాడు. నేను తెల్లచీరతోనే వ్యాను కింద పడుకున్నాను. కొస దగ్గర నూనె తడి లేదు. వేలితో తడిమాను. లేదు.

2-3-64
పోలేరయ్య సైకిలు మీద వచ్చాడు. భార్యకు నొప్పులట. వ్యాను కావాలన్నాడు.
ఆ బండేనా అన్నాడు. అదే అన్నాను.
ఎవురు బాగుజేసినారు అన్నాడు. నేనే అన్నాను.
అయితే నువ్వుగూడా ఎక్కమ్మా అన్నాడు.
ఎక్కాను.