నా రక్తంలో దొరకనిది

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మీ బావ, పిల్లలు కులాసా. నా సంగతి కింద రాస్తాను. నీ హెర్నియా ఆపరేషన్ నాటికి వస్తానా అని అడిగావు. నిన్న ఫోన్లో ఆ ఆపరేషన్ గురించే ఒక జాగ్రత్త చెప్పబోతే, "నీకన్నీ అనుమానాలేనే అక్కా" అని నవ్వి పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

ల్యాబులో నా పనేమిటనీ అడిగావు. సన్నటి గొట్టంలో చిన్న చిన్న పూసలుంటాయి. వాటికి యాంటీబాడీలు అతికించి ఉంటాయి. రక్తం నుంచి వేరుచేసిన ప్లాస్మా పోస్తే, అవి మాకు కావలసిన ఒక్క ప్రొటీన్‌నే పట్టుకుంటాయి. మిగతావన్నీ కడిగితే పోతాయి. ఆ తర్వాత కాస్త ఆమ్లం పోయగానే పట్టు విడుస్తాయి, శుద్ధమైన ప్రొటీన్ చేతికొస్తుంది. రక్తం గడ్డకట్టాలంటే ఉండాల్సిన ప్రొటీన్ అది.

రోగుల రక్తంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. దాన్ని మేమే వంతులవారీగా ఇస్తాం. ఈసారి వంతు నాది. గొట్టం నుంచి దాదాపు ఏమీ రాలేదు.

"నీ రక్తమూ నీలాగే, ఎవరికీ పట్టుబడదు" అంది పక్క బల్ల ఆవిడ.

మా ల్యాబు పెద్దసారు పూసలు మార్పించారు. మళ్లీ అంతే. ఆమ్లాన్ని అనుమానించాం, యాంటీబాడీలను అనుమానించాం. నన్ను ఎవరూ అనుమానించలేదు, నేను కూడా. చివరికి సారు తన రక్తమే తీయించి, అదే గొట్టంలో పోశారు. ప్రొటీన్ నిండుగా వచ్చింది.

"గొట్టం బాగానే ఉందమ్మా" అన్నారు.

ఆసుపత్రిలో విడిగా పరీక్ష చేయించుకున్నాను. వాళ్లూ అదే చెప్పారు. ఇది వంశంలో వచ్చే లోపం. చాలామందికి కత్తి పడేదాకా బయటపడదట.

నాన్న చిన్న ఆపరేషన్ తర్వాత రక్తం ఆగకే పోయారు. ఆ డాక్టరు ఎదురైతే అమ్మ ఇప్పటికీ ముఖం తిప్పుకుంటుంది. నాన్నకు ఇదే ఉందో లేదో ఇక తేలదు. నీకు ఉందో లేదో తేలుతుంది. లేకపోవచ్చు కూడా.

దీంతో పంపుతున్న నా పరీక్ష కాగితం మీ డాక్టరుకు చూపించు. ముందు రక్తపరీక్ష, ఆ తర్వాతే ఆపరేషన్ తేదీ. ఆ తేదీకి తప్పక వస్తాను. ఉన్నా మందుంది, ముందే తెలిస్తే. అక్క పిరికిదని అందరికీ చెప్పుకుని నవ్వు, నాకేం ఫరవాలేదు. నవ్వడానికి నువ్వుండాలి.

ఇట్లు,
నీ పిరికి అక్క