సల్లారిన గుట్టకు సాక

శంషాబాద్,
మే 2011

స్వరాజ్యం వదినెకు,

నువ్వు, అన్నయ్య మంచిగున్నరనుకుంట. ఫోన్‌ల చెప్తే మీ అమ్మ ఇంటదని ఉత్తరం రాస్తున్న.

నీ తమ్ముడు ఎయిర్‌పోర్ట్ కిరాయిలు బందువెట్టి మమ్మల్ని కారుల గుజరాత్ తిప్పుకొచ్చిండు. తొవ్వల ఒక చిన్న గుట్టను చూపించి, ఎనకట ఇది అగ్గి కక్కిందట, ఇప్పుడు సల్లారిందట అన్నడు.

అత్తమ్మ ఎంటనే కారు ఆపించింది. పోచమ్మకు పోసినట్టే పసుపునీళ్లల్ల యాపమండ ఏసి గుట్టకు సాక పోసింది. "అది సచ్చి కోట్ల ఏండ్లాయెనే అమ్మా" అని నీ తమ్ముడు ఒకటే నవ్వుడు.

"సల్లారింది గదా, సల్లగనే ఉండమని పోస్తున్న. మల్ల మండితే నువ్వు ఆర్పుతవా?" అన్నది.

తర్వాత కొబ్బరికాయ కొట్టి ఇంట్లోళ్లందరికి వాటాలు పెట్టింది. ఒక ముక్క ఎక్కువున్నది. ఎవరికని అడిగితే, "తుక్కుగూడల ఉన్నదానికి" అని గుట్ట దిక్కు చూసింది. నువ్వు మెచ్చినోన్ని చేసుకున్నకాంచి నీ వాటా తియ్యనే లేదు.

ఆ ముక్కను తొవ్వ పొడుగూత కారు అద్దం కాడ ఎండబెట్టుకుంట తెచ్చింది. ఖరాబు కాకముందే రా వదినె. నేను రాసిన్నని చెప్పకు, ఊకెనే వచ్చిన అను.

నిన్న చూస్తే ఆ ముక్కను రెండు చేసి పెట్టింది. అన్నయ్యను సుత తీస్కొని రా.

నీ మరదలు