ఎడమ క్రాంకుకు కట్టిన పీలిక

దిరె దావా

అమ్మా, నీ మోకాళ్ళకు ముద్దులు. సర్కసులో పడ్డానని ఎవరైనా చెబితే కంగారుపడకు, మోచెయ్యి గీరుకుపోయిందంతే.

నా ఒంటిచక్రం సైకిలుకు ఎడమవైపు ఏదో తెలియాలని నీ నెతెలా శాలువా అంచు చింపి పెడలుండే క్రాంకుకు కట్టావు కదా. మాసిపోయిందని అన్నయ్య దాన్ని విప్పి ఉతికాడు. అది తీగ మీద ఆరుతుండగానే పుల్లలు సరిచేసి, చక్రాన్ని అటుదిటు బిగించేశాడు. ఎడమ పెడలుకు మర ఎదురు తిరుగుడు. కుడివైపుకొస్తే తొక్కేకొద్దీ వదులవుతుంది. ఆట మధ్యలో ఊడిపడింది.

అప్పట్నుంచి అన్నయ్య ఇంజెరా రొట్టె సరిగ్గా ముట్టడం లేదు. "ఇంక నీ చక్రం జోలికి రాను చెల్లీ, ఇంటికెళ్ళి గొర్రెలు కాసుకుంటా" అంటున్నాడు. "గొర్రెలకి చక్రాల్లేవులే, బతికిపోయాయి" అన్నాను. నవ్వలేదు.

నాన్న దగ్గు తగ్గిందా? కాఫీ గింజలు కాస్త పంపు, ఇక్కడివి బాగోలేవు. ఆ పీలిక గాలికెగిరిపోయింది. ఇంకోటి చింపి పంపు, నా పేరున కాదు, అన్నయ్య పేరున. తనని తిట్టకు. తనే కట్టాలి. వేరేవాళ్ళు బిగించిన చక్రం ఎక్కనని మేనేజరుతో చెప్పేశాను. బెట్టు చేస్తున్నాననుకుంటున్నాడు అన్నయ్య. బెట్టు కాదమ్మా, నిన్న వేరేవాళ్ళు బిగించినదాన్ని ఎక్కబోయి, భయమేసి దిగిపోయాను.

మరియమ్మ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ చిగె